నోట్లో బొటనవేలు: మీకు తెలుసా?

చంటిబిడ్డ వేలు చీకుతూ నిద్రపోతుంటే చూడముచ్చటగా ఉంటుంది. అదే బిడ్డ యూకేజీకి వచ్చినా వేలు తీయకపోతే ఇంటిల్లిపాదికీ బెంగ పట్టుకుంటుంది. నానమ్మ వేపనూనె రాయమంటుంది. పక్కింటావిడ కాకరకాయ రసం అంటుంది. రెండు తగిలిస్తే అదే మానుతుందని మేనమామ తీర్పు చెప్పేస్తాడు. ఇంతమందిలో బిడ్డ ఆ వేలు ఎందుకు పెట్టుకుంటోందని ఆలోచించేవారు తక్కువ. పిల్లల వైద్యులు, దంతవైద్యులు, మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ చిన్న అలవాటు గురించి నూట నలభై ఏళ్లకు పైగా పరిశీలిస్తూనే ఉన్నారు. వాళ్లు తెలుసుకున్నవాటిలో కొన్ని ఆశ్చర్యం కలిగిస్తాయి, కొన్ని ధైర్యం చెబుతాయి, ఒకటి రెండు తొందరపడమని హెచ్చరిస్తాయి.

1. పుట్టకముందే మొదలవుతుందని మీకు తెలుసా?

గర్భానికి 15 వారాలు నిండేసరికే శిశువు బొటనవేలు నోట్లో పెట్టుకోవడం స్కానింగ్‌లో కనిపిస్తుంది. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీలో పీటర్ హెప్పర్ బృందం గర్భంలో ఏ శిశువు ఏ చేతి వేలు చీకుతోందో నమోదు చేసింది. ఆ పిల్లల్లో 75 మందిని పది, పన్నెండేళ్ల వయసులో మళ్లీ పరీక్షించింది. కడుపులో కుడి వేలు చీకిన 60 మందికీ కుడిచేతి వాటమే వచ్చింది. ఎడమ వేలు చీకిన 15 మందిలో 10 మందికి ఎడమచేతి వాటం వచ్చింది. 2005లో వెలువడిన ఈ ఫలితాన్ని బట్టి చూస్తే, బిడ్డ రేపు ఏ చేత్తో పలక మీద దిద్దుతుందో చెప్పే సూచన అమ్మ కడుపులోనే దొరుకుతోంది. ఇంత ముందు నుంచి తోడున్న అలవాటు ఒక్క కసురుతో పోవాలనుకోవడం న్యాయం కాదు.

2. చీకడంలో రెండు లయలున్నాయి

పాలు తాగే బిడ్డ సెకనుకు సుమారు ఒకసారి చీకుతుంది. నోట్లో వేలో ఉత్త పీకో ఉన్నప్పుడు ఆ వేగం సెకనుకు రెండుసార్లకు పెరుగుతుంది. మొదటిది ఆకలి తీర్చుకోవడానికి, రెండోది మనసు కుదుటపరచుకోవడానికి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం ఒక క్రమంలో కుదిరేది దాదాపు 34 వారాల దగ్గర. అందుకే నవజాత శిశువుల ఐసీయూల్లో గొట్టంతో పాలు పడుతూనే చీకడానికి పాలు రాని పీక ఇస్తారు. నోటితో తాగడం త్వరగా పట్టుబడుతుంది. మడమకు సూది గుచ్చి రక్తం తీసేటప్పుడు పీక చీకుతున్న బిడ్డకు నొప్పి తక్కువగా ఉంటుందని కూడా పరిశోధనలు చూపాయి. చీకడం బిడ్డకు ప్రకృతి ఇచ్చిన మొదటి ఉపశమనం.

3. ఏనుగు పిల్లలూ చీకుతాయి

గున్న ఏనుగు తన తొండం కొసను నోట్లో పెట్టుకుని చీకుతుంది. చింపాంజీ, కోతి పిల్లలు కూడా వేళ్లు చీకుతాయి. పాలు తాగి పెరిగే జీవికి నోరే మొదటి ఊరట. మీ బిడ్డ వింత పని ఏదీ చేయడం లేదు.

4. మాంధాతకు పాల బదులు దొరికింది ఇంద్రుడి వేలు

యువనాశ్వుడు అనే రాజు యాగంలో మంత్రించిన నీళ్లు పొరపాటున తాగితే, ఆయన శరీరం నుంచే మాంధాత పుట్టాడని భారత భాగవతాలు చెబుతాయి. తల్లి లేని ఆ బిడ్డ పాల కోసం ఏడిస్తే ఇంద్రుడు తన చూపుడు వేలు నోటికి అందించాడట. ప్రళయ జలాల్లో మర్రాకు మీద పడుకుని కాలి బొటనవేలు నోట్లో పెట్టుకున్న వటపత్రశాయి మార్కండేయుడికి కనిపించిన కథ ఇంటింటా తెలిసిందే. లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు మీది విజయనగర కాలపు చిత్రాల్లో ఆ బాలుడి బొమ్మ ఉంది. అయిదారు నెలల బిడ్డను వెల్లకిలా పడుకోబెడితే సరిగ్గా అలాగే కాలిని రెండు చేతులా పట్టుకుని నోటికి లాక్కుంటుంది. ఎదుగుదల బాగుందనడానికి అదొక గుర్తు.

5. ఈజిప్టు వాళ్లకు నోటి దగ్గర వేలుంటే అది పసితనం

ప్రాచీన ఈజిప్టు శిల్పులు బాల హోరస్ దేవుణ్ని నోటి దగ్గర వేలుతో చెక్కేవారు. వాళ్ల బొమ్మల లిపిలో కూడా పిల్లవాడంటే నోటి దగ్గర చేయి పెట్టుకుని కూర్చున్న ఆకారమే. తరవాత వచ్చిన గ్రీకులు, రోమన్లు ఆ వేలిని చూసి మాట్లాడొద్దని చెబుతున్నాడనుకున్నారు. అలా ఆ బాలదేవుడు హార్పోక్రటీస్ పేరుతో మౌనానికి అధిదేవత అయిపోయాడు. పిల్లల వేలిని పెద్దలు తప్పుగా చదవడం కొత్తేమీ కాదన్నమాట.

6. వేలు చీకితే కత్తిరిస్తామని బెదిరించిన పుస్తకం రాసింది ఒక డాక్టరు

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో హైన్రిష్ హాఫ్‌మన్ అనే వైద్యుడు 1844 క్రిస్మస్‌కు తన మూడేళ్ల కొడుక్కి ఇద్దామని బొమ్మల పుస్తకం కోసం దుకాణాలన్నీ తిరిగాడు. ఏదీ నచ్చక తానే రాసి, బొమ్మలు గీశాడు. 1845లో అచ్చయిన ఆ పుస్తకం ‘స్ట్రువెల్‌పీటర్’. అందులో కొన్రాడ్ అనే పిల్లవాడు అమ్మ వద్దన్నా వేలు చీకుతాడు. ఒక దర్జీ పెద్ద కత్తెర పట్టుకుని తలుపు తోసుకుని వచ్చి రెండు బొటనవేళ్లూ కత్తిరించి పోతాడు. ఎన్నో భాషల్లోకి వెళ్లిన ఈ కథ యూరప్‌లో తరాల తరబడి పిల్లలకు పీడకలలు తెప్పించింది. బూచాడొస్తాడు, సూది వేయిస్తాను అని మనమూ భయపెడుతుంటాం. భయపడ్డ బిడ్డకు మొదట గుర్తొచ్చే ఓదార్పు వేలే. భయంతోనే వేలు మాన్పించాలని చూస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

7. ఒకప్పుడు పిల్లల చేతులకు అల్యూమినియం తొడుగులు వేసేవారు

1914లో అమెరికా ప్రభుత్వ బాలల సంస్థ తల్లుల కోసం వేసిన చిన్న పుస్తకంలో, వేలు చీకే చేతి చొక్కా కొసను వేళ్ల మీదుగా లాగి పిన్ను పెట్టమనో కుట్టేయమనో సలహా ఉంది. ఆ రోజుల్లో పసిపిల్లల చేతులకు తగిలించే అల్యూమినియం తొడుగులు కూడా బజార్లో అమ్మేవారు. తల్లిదండ్రులకు బిడ్డను నమ్మమని, తమను తాము నమ్ముకోమని చెప్పిన డాక్టర్ బెంజమిన్ స్పాక్ పుస్తకం 1946లో వచ్చాక ఈ కాఠిన్యం తగ్గుముఖం పట్టింది.

8. ఫ్రాయిడ్ కన్నా ముందు ఒక పిల్లల డాక్టరు రాశాడు

హంగరీకి చెందిన లిండ్నర్ అనే పిల్లల వైద్యుడు 1879లోనే వేళ్లు, పెదవులు చీకే పిల్లల గురించి వివరంగా ఒక వ్యాసం రాశాడు. దాన్నే ఆధారం చేసుకుని సిగ్మండ్ ఫ్రాయిడ్ 1905లో తన సిద్ధాంతాన్ని అల్లాడు. ఆ ప్రభావంతో వేలు చీకే బిడ్డ మనసులో ఏదో లోటుందని చాలాకాలం అనుమానించారు. నేటి పిల్లల వైద్యులు అలా చూడరు. హాయిగా ఆడుకుంటూ, తింటూ, నలుగురితో కలుస్తూ ఉన్న మూడేళ్ల పాప నిద్రొచ్చినప్పుడు వేలు పెట్టుకుంటే అది అలవాటే తప్ప జబ్బు కాదు. తల్లి పెంపకంలో లోపం అంతకన్నా కాదు.

9. చాలామంది ఎవరూ చెప్పకుండానే మానేస్తారు

రెండేళ్ల నుంచి నాలుగేళ్ల మధ్య ఎక్కువమంది పిల్లలు తమంతట తామే వేలు వదిలేస్తారు. మాటలు వస్తాయి, ఆటలు పెరుగుతాయి, చేతులకు వేరే పని దొరుకుతుంది. అందుకే నాలుగేళ్ల లోపు బిడ్డ విషయంలో చాలావరకు చూసీ చూడనట్టు ఉండమనే వైద్యులు చెబుతారు. ఆ వయసులో రోజుకు ఇరవైసార్లు ‘వేలు తీయ్’ అంటే, అమ్మానాన్నలను తన వైపు తిప్పుకునే కిటుకు బిడ్డకు దొరికినట్టే.

10. పళ్లకు చేటు చేసేది బలం కన్నా సమయం

వేలు నోట్లో ఉన్నప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. బొటనవేలి మెత్తటి భాగం పై ముందుపళ్ల వెనక అంగిలిని ఆనుకుంటుంది. ఆ ఒత్తిడికి పైపళ్లు ముందుకు, కిందిపళ్లు వెనక్కి జరుగుతాయి. మామూలుగా అంగిలికి ఆనుకుని ఉండాల్సిన నాలుక వేలి కిందికి దిగిపోతుంది. బుగ్గలు లోపలికి పీలుస్తుంటాయి. లోపలి నుంచి నాలుక ఆసరా లేదు, బయటి నుంచి బుగ్గల నొక్కుడు ఆగదు. దాంతో పైదవడ సన్నబడుతుంది.

ఇది ముదిరిన బిడ్డను పళ్లు కరిచి పట్టమని అడగండి. వెనక దవడపళ్లు కలుస్తాయి, ముందు మాత్రం వేలు దూరేంత సందు మిగులుతుంది. జామకాయను ముందుపళ్లతో కొరకలేక పక్కకు తిప్పి కొరుకుతారు. ‘స’ అనేటప్పుడు ఆ సందులోంచి నాలుక కొస బయటికి తొంగిచూస్తుంది. మింగేటప్పుడు కూడా నాలుకను అక్కడికే తోసే అలవాటు పడుతుంది.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. చప్పుడొచ్చేలా గట్టిగా చీకినా, అప్పుడప్పుడు కాసేపే చీకే బిడ్డ పళ్లు పెద్దగా కదలకపోవచ్చు. మెల్లగా అయినా రాత్రంతా, అంటే ఆరు గంటలకు పైగా, వేలు నోట్లోనే ఉంచుకునే బిడ్డ పళ్లు కదులుతాయి. నిద్ర గాఢంగా పట్టాక వేలిని సున్నితంగా తీసేయడం చిన్న పనే అయినా లాభం పెద్దది.

11. పాలపళ్లు ఒక గడువు ఇస్తాయి

పాలపళ్లు మొత్తం 20. మూడేళ్లలోపు అన్నీ వచ్చేస్తాయి. ఆరేళ్ల దగ్గర అవి ఊడి శాశ్వత దంతాలు మొదలవుతాయి. ఈలోగా అలవాటు పోతే, ముందుపళ్ల మధ్య ఏర్పడ్డ సందు చాలామందిలో పెదవుల, నాలుక ఒత్తిడికి తనంతట తానే పూడుకుపోతుంది. శాశ్వత దంతాలు వచ్చాక కూడా కొనసాగితే ఎత్తుపళ్లు, క్లిప్పులు, ఏళ్ల తరబడి ఆసుపత్రి చుట్టూ తిరగడం తప్పకపోవచ్చు. అందుకే నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య కాలం బంగారం లాంటిది. అప్పటికి బిడ్డకు మన మాట అర్థమవుతుంది, పళ్లకు శాశ్వత నష్టమూ జరిగి ఉండదు. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలన్నది ఇక్కడ అక్షరాలా నిజం.

12. నోరు తెరవకముందే వేలు నిజం చెప్పేస్తుంది

అనుభవమున్న పంటి డాక్టరు మొదట బిడ్డ రెండు చేతులూ ముందుకు చాపమంటారు. ఆడుకుని వచ్చిన చేతుల్లో తొమ్మిది వేళ్లకు మట్టి ఉండి ఒక బొటనవేలు మాత్రం తెల్లగా, నానిపోయి ముడతలు పడి, గోరు కడిగినట్టు ఉందంటే సంగతి తెలిసిపోయినట్టే. కొందరికి కణుపు మీద పంటి ఒరిపిడికి కాయ కాస్తుంది. ఎప్పుడూ తడిగా ఉండటంతో గోరు అంచు చీలి సూక్ష్మక్రిములు చేరి గోరుచుట్టు లేస్తుంది. వేలు ఎర్రబడి, వాచి, చీము పట్టినట్టుంటే పసుపు రాసి ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి.

13. వేలు నోట్లోకి తెచ్చేవాటిలో మంచీ చెడూ ఉన్నాయి

నులిపురుగుల గుడ్లు గోళ్ల సందుల్లో దాక్కుని నోటి ద్వారా లోపలికి పోతాయి. వేలు చీకే పిల్లలకు ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. గోళ్లు పొట్టిగా కత్తిరించడం, సబ్బుతో చేతులు కడిగించడం వీళ్ల విషయంలో మరీ ముఖ్యం. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను తప్పక వేయించండి.

ఇక రెండో వైపు. న్యూజీలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972, 1973లలో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లలను పరిశోధకులు దశాబ్దాలుగా గమనిస్తున్నారు. 13 ఏళ్ల వయసులో చర్మ పరీక్ష చేస్తే, వేలు చీకని, గోళ్లు కొరకని పిల్లల్లో 49 శాతం మందికి దుమ్ము, పుప్పొడి, జంతువుల వెంట్రుకల వంటివాటిలో కనీసం ఒకదానికి అలర్జీ లక్షణం కనిపించింది. రెండు అలవాట్లూ ఉన్నవాళ్లలో అది 31 శాతమే. చిన్నతనంలో క్రిములతో పరిచయం వల్ల కావచ్చని 2016లో వాళ్లు రాశారు. ఆస్తమాలో మాత్రం తేడా కనిపించలేదు. ఈ అలవాటును ప్రోత్సహించండని కూడా వాళ్లు చెప్పలేదు. ఇన్నాళ్లూ వేలు చీకాడే అని కుమిలిపోతున్న తల్లికి ఇదొక ఊరట.

14. తోటి పిల్లల చూపు మారుతుంది

అమెరికాలో 1993లో వెలువడిన ఒక అధ్యయనంలో ఒకటో తరగతి పిల్లలకు ఫొటోలు చూపించారు. అదే పిల్లవాడు ఒక ఫొటోలో వేలు నోట్లో పెట్టుకుని ఉంటాడు, ఇంకొక దాంట్లో మామూలుగా ఉంటాడు. వేలున్న ఫొటో చూసినవాళ్లు ఆ బిడ్డకు తెలివి తక్కువని, వాడితో ఆట సరదాగా ఉండదని, స్నేహం చేయాలనిపించడం లేదని ఎక్కువగా చెప్పారు. ఒకటో తరగతిలో ‘పాపాయి’ అని ఎవరైనా వెక్కిరిస్తే ఆ గాయం ఇంట్లో ఎవరికీ కనబడదు. బడిలో చేరాక అలవాటును పట్టించుకోవాలనడానికి పళ్లతో పాటు ఇదీ ఒక కారణం.

15. ఒక అలవాటు పోతే రెండోది కూడా పోవచ్చు

కొందరు పిల్లలకు వేలొక్కటే చాలదు. రెండో చేత్తో అమ్మ కొంగు పట్టుకోవాలి, లేదా చెవి తమ్మె నిమరాలి, లేదా పాత దుప్పటి అంచు కావాలి. ‘పీనట్స్’ కార్టూన్లలో చార్లెస్ షుల్జ్ గీసిన లైనస్ దుప్పటి లేకుండా వేలు చీకడు. వేలు మాన్పిస్తే ఆ దుప్పటి సంగతేమిటని ప్యాట్రిక్ ఫ్రైమన్ అనే అమెరికన్ పరిశోధకుడు ఆలోచించి, 1990లో ఫలితం ప్రకటించాడు. వేలు మానిన పిల్లల్లో ఆ వస్తువు మీద పట్టుదల కూడా సడలింది. అంతకు ముందు 1987లో ఆయన చూసిన ఇద్దరు పిల్లలు వేలు చీకుతూ జుట్టు కూడా పీక్కునేవారు. చికిత్స వేలికే చేశారు. జుట్టు పీక్కోవడం దానంతట అదే ఆగింది. ఒకేసారి రెంటి మీదా యుద్ధం ప్రకటించనక్కర్లేదు. కొంగు వదిలేయండి, వేలి సంగతి చూడండి.

16. ప్రపంచంలోకెల్లా చేదైన పదార్థం వేలు మాన్పించడానికి వాడుతున్నారు

1958లో ఎడిన్‌బరోలోని ఒక మందుల కంపెనీ మత్తుమందుల మీద పనిచేస్తుండగా డెనటోనియం బెంజోయేట్ అనుకోకుండా బయటపడింది. అత్యంత చేదైన పదార్థంగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. పిల్లలు మింగకుండా నింటెండో స్విచ్ గేమ్ కార్డులకు పూసేదీ ఇదే. గోళ్లకు రాసే చేదు ద్రవాల్లో దీన్ని కలుపుతారు. అయితే వేలు చీకడం మాన్పిస్తామంటూ చీటీ లేకుండా అమ్మే ఇలాంటి మందుల భద్రత, ప్రయోజనం రుజువు కాలేదని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 1993లో తేల్చింది. బిడ్డ ఒప్పుకుని, గుర్తుచేయడానికి రాయమని తానే చేయి చాపితే చేదు కొంత సాయపడొచ్చు. శిక్షగా రాస్తే పిల్లలు ఆ చేదునూ చప్పరించేస్తారు.

వేపనూనె జోలికి మాత్రం వెళ్లకండి. పసిపిల్లలకు వేపనూనె తాగించినప్పుడు వాంతులు, ఫిట్స్ వచ్చి మెదడు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. వేలికి రాస్తే వెళ్లేది కొంచెమే అయినా, బిడ్డ నోటికి చేరేదాని విషయంలో అంత సాహసం ఎందుకు? కారం, మిరియాల పొడి కూడా వద్దు. అదే చేత్తో కళ్లు నులుముకుంటే నరకమే.

17. పిడికిలి బిగిస్తే వేలుకు దారి మూసుకుపోతుంది

1973లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు నేథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ అలవాట్లను తిప్పికొట్టే ఒక పద్ధతి చెప్పారు. 1980లో దాన్ని వేలు చీకే పిల్లలపై ప్రయోగించి చూస్తే చేదు పూత కన్నా బాగా పనిచేసింది. ఇంట్లో చేయగలిగినదే.

మొదటి మెట్టు గమనించడం. రెండు మూడు రోజులు ఏమీ అనకుండా, వేలు ఎప్పుడు నోట్లోకి వెళ్తోందో రాసుకోండి. మధ్యాహ్నం టీవీ ముందా, బస్సులో కిటికీ పక్కనా, కథ వింటున్నప్పుడా, చెల్లిని మీరు ఎత్తుకున్నప్పుడా? సాధారణంగా విసుగు, నిద్ర, భయం, అలసట ఈ నాలుగిట్లో ఏదో ఒకటి తేలుతుంది. ఆ తరవాత బిడ్డను అద్దం ముందు నిలబెట్టి వేలు నోట్లో ఎలా ఉందో తననే చూడమనండి. చాలామంది పిల్లలకు వేలు పెట్టుకున్న సంగతే తెలియదు.

రెండో మెట్టు వేలికి వేరే పని. చీకాలనిపించగానే బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి బిగించి ఇరవై దాకా లెక్కపెట్టడం నేర్పండి. పిడికిలి మూసి ఉంటే వేలు నోట్లోకి పోలేదు. టీవీ ముందు అయితే చేతికి చపాతీ పిండి ముద్ద ఇవ్వండి.

మూడో మెట్టు ఇంటివాళ్ల తోడు. ‘వేలు’ అనకుండా మీ ఇద్దరికే తెలిసిన సైగ ఒకటి పెట్టుకోండి. చుట్టాల ముందు మీరు ముక్కు తాకితే చాలు, తను పిడికిలి బిగిస్తుంది. నలుగురిలో పరువు పోదు.

18. మెచ్చుకోలుకు ఆధారాలున్నాయి

వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2015లో ఈ అంశంపై 6 పరీక్షలను, 252 మంది పిల్లల వివరాలను ఒకచోట చేర్చి చూసింది. ఏమీ చేయకపోవడం కన్నా మెచ్చుకోళ్లు, బహుమతుల వంటి మానసిక పద్ధతులు, పంటి డాక్టరు నోట్లో అమర్చే సాధనాలు మేలని కనిపించింది. ఆధారాలు ఇంకా బలపడాలని కూడా అది చెప్పింది. క్యాలెండరులో వేలు పెట్టని పూటకొక నక్షత్రం అతికించుకోనివ్వండి. మొదట రోజంతా అడక్కండి, సాయంత్రం టీవీ చూసే అరగంటతో మొదలుపెట్టండి. బహుమతి ఖరీదైనది కానక్కర్లేదు. నాన్నతో సైకిల్ మీద చెరువు గట్టు దాకా వెళ్లి రావడం, నిద్రకు ముందు ఇంకో కథ, నచ్చిన కూర చేయించుకోవడం చాలు. నక్షత్రం రాని రోజు మాట్లాడకండి. ఇచ్చిన నక్షత్రాన్ని ఎప్పుడూ తీసేయకండి.

19. రాత్రి పూట గుర్తుచేసేది మోచేయి

పగలు మానిన బిడ్డ కూడా నిద్రలో తెలియకుండా వేలు పెట్టుకుంటుంది. దీనికి దంతవైద్యులు చెప్పే ఉపాయం ఒకటి ఉంది. మోచేతి చుట్టూ సాగే క్రేప్ బ్యాండేజీని వదులుగా చుడతారు. చేయి చాచి ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. వేలు నోటికి చేరాలంటే మోచేయి మడవాలి. మడిచినప్పుడు బ్యాండేజీ బిగువై, నిద్ర పట్టేకొద్దీ చేయి తనంతట తానే చాచుకుంటుంది. రక్తప్రసరణ ఆగేలా బిగించకూడదు, మొదట డాక్టరు దగ్గర నేర్చుకోవాలి. చేతికి పలచటి మేజోడు తొడగడం ఇంకో మార్గం. ఏదైనా సరే బిడ్డ ఒప్పుకున్నాకే. ‘రాత్రి నువ్వు నిద్రపోతావుగా, నీ వేలికి ఇది గుర్తుచేస్తుంది’ అని చెబితే పిల్లలు ఇష్టంగా చేయి చాపుతారు.

20. నాలుకకు ఆటబొమ్మ ఇచ్చి వేలు మాన్పించవచ్చు

శాశ్వత దంతాలు వచ్చాక కూడా ఇంటి ప్రయత్నాలు ఫలించకపోతే, బిడ్డకు మానాలని ఉంటే, దంతవైద్యులు అంగిలికి ఒక సాధనం అమరుస్తారు. పాత పద్ధతిలో పై ముందుపళ్ల వెనక తీగ కంచె ఉంటుంది. 1991లో అమెరికాలోని కెంటకీకి చెందిన హాస్కెల్, మింక్ అనే దంతవైద్యులు ఇంకో దారి చూపారు. వెనకపళ్లకు అమర్చిన తీగ మీద, అంగిలి దగ్గర టెఫ్లాన్‌తో చేసిన ఆరు పలకల చిన్న చక్రం ఉంటుంది. బిడ్డ నాలుకతో దాన్ని తిప్పుతూ ఉంటుంది. వేలికి చోటుండదు, నాలుకకు పని దొరుకుతుంది. ఆ రాష్ట్రానికున్న ముద్దుపేరుతో దాన్ని బ్లూగ్రాస్ అంటారు.

21. అలవాటు మారడానికి 21 రోజులనే లెక్క నిజం కాదు

ఈ లెక్క 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకంతో వ్యాపించింది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మంది పెద్దవాళ్లను గమనించి 2010లో వెల్లడించిన ఫలితం వేరు. కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254. ఒకరోజు తప్పినంత మాత్రాన మొత్తం చెడలేదు. పెద్దవాళ్ల సంగతే ఇదైతే అయిదేళ్ల బిడ్డను మూడు వారాల్లో మానలేదని నిందించడం ఎంత అన్యాయం? జ్వరం వచ్చినా, తమ్ముడు పుట్టినా, ఇల్లు మారినా వేలు మళ్లీ నోట్లోకి రావచ్చు. అలాంటి రోజుల్లో ప్రయత్నం మొదలుపెట్టకండి. మొదలుపెట్టి ఉంటే కొన్నాళ్లు వదిలేసి, ఇంట్లో గోల తగ్గాక అక్కడి నుంచే అందుకోండి.

22. డాక్టరును ఎప్పుడు కలవాలి?

అయిదేళ్లు దాటినా రోజులో ఎక్కువసేపు, రాత్రంతా చీకుతుంటే, పళ్ల మధ్య సందు కనిపిస్తుంటే, మాట స్పష్టంగా లేకపోతే, వేలు పుండు పడితే పిల్లల దంతవైద్యులకు చూపించండి. మానేసిన అలవాటు హఠాత్తుగా, ఇంతకు ముందు కన్నా ఎక్కువగా తిరిగొస్తే బడిలోనో, ఇంట్లోనో బిడ్డను కలవరపెట్టేది ఏదైనా జరిగిందేమో కనుక్కోండి. వేలును పక్కన పెట్టి ముందు ఆ కలవరం సంగతి చూడాలి.

వీటన్నిటిలో పనిచేసిన ప్రతి పద్ధతికీ ఒక పోలిక ఉంది: బిడ్డ తనకు తానుగా మానాలనుకుంది, ఇంట్లోవాళ్లు తోడు నిలబడ్డారు. కొట్టడం, వెక్కిరించడం, బంధువుల ముందు చెప్పి సిగ్గుపరచడం అనే మూడింటినీ ఈ రోజే ఆపేయండి. నాలుగేళ్లు నిండని బిడ్డను ఇంకొంత కాలం వదిలేయండి. నిండిన బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ‘నీకు పెద్ద పళ్లు రాబోతున్నాయి, వేలు మానేద్దామా? నేను సాయం చేస్తాను’ అని అడగండి. ఒప్పుకుంటే ఏ రోజు మొదలుపెట్టాలో క్యాలెండరులో తననే గీయమనండి. ఒప్పుకోకపోతే కోప్పడకుండా ఒక నెల ఆగి మళ్లీ అడగండి.